సాయిబు వేషం

షబే బరాత్‌కి రెండు రోజుల ముందు పాత దోస్తు ఒకడు ఫోన్ చేశాడు. నాటకాల దోస్తు. "ఏం బాసూ, పరిషత్తుకి నాటిక రెడీ చేస్తున్నాం. ఒక సాయిబు వేషం ఉంది. రెండు సీన్లే. నువ్వైతేనే పండుద్ది" అన్నాడు. నేను వెయ్యనన్నా. "ఇంకా అదే పట్టుదలా?" అని నవ్వి, ఇంట్లో అందరూ ఖైరియత్ కదా అని అడిగి పెట్టేశాడు. మంచివాడే. నా మీద ప్రేమతోనే అడిగాడు.

ఆ రాత్రి ఇషా నమాజ్ చదివొచ్చి, నిద్ర పట్టక, పాత డైరీ వెనక అట్ట మీద ఒక లెక్క రాసుకున్నాను. ఐదో జమాత్ నుంచి ఇప్పటిదాకా నేను వేసిన వేషాలెన్ని? ముప్పై నాలుగు తేలాయి. అందులో పందొమ్మిది సాయిబు వేషాలు. పేర్లు కూడా గుర్తుచేసుకుని రాశాను. మస్తాన్, మదార్ సాయిబు, పీరూ, బుడే సాయిబు, ఇంకో మస్తాన్, లాల్ సాయిబు, మళ్లీ మస్తాన్. ఒక నాటికలో పేరు కూడా లేదు. స్క్రిప్టులో ఉత్త 'సాయిబు' అనే ఉంది.

అసలు నాటకం మా ఇంటికి అబ్బా షాపు దారిన వచ్చింది. పాత గుంటూరులో మాది మైక్ సెట్ షాపు. రెండు ఆహూజా యాంప్లిఫయర్లు, ఆరు హారన్లు, నాలుగు మైకులు, ఒక రికార్డ్ ప్లేయర్, మూలన బ్యాటరీలు. అదీ మా కారోబార్. పెళ్లికీ అదే మైకు, ఎలక్షన్‌కీ అదే మైకు. మిలాదున్నబీ జల్సాకి కట్టిన హారన్లే వినాయక చవితి పందిరికీ కట్టేవాళ్లం. అబ్బా ఏ సామానునీ వేరు చేసి చూడలేదు. అడ్వాన్స్ ఎవరు ముందిస్తే వాళ్లది ఆ రోజు.

శ్రీరామనవమి వచ్చిందంటే చుట్టుపక్కల పల్లెల్లో పద్య నాటకాలు. హరిశ్చంద్ర, చింతామణి, పాండవోద్యోగ విజయాలు. సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేవాడు అబ్బా, వైర్లు చుట్టడానికి. యాంప్లిఫయర్ పక్కన గోనెపట్టా పరుచుకుని, దుప్పటి కప్పుకుని నేను పడుకునేవాణ్ని. పడుకోవడం పేరుకే. తెల్లవారుజామున కాటి సీను వస్తుంది. ఊరంతా చలికి ముడుచుకుని కూర్చుని ఉంటుంది. హార్మోనియం ఒక్కసారి శ్రుతి అందుకుంటుంది. బలిజేపల్లి వారి నాటకంలో ఆ చోట జాషువా గారి శ్మశాన పద్యాలు కలిపి పాడతారని పెద్దయ్యాక డిగ్రీ క్లాసులో తెలుసుకున్నాను. అప్పుడు నాకు అవన్నీ ఒకరివే. అప్పటికి నాకు తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు. కానీ పద్యాలు నోటికొచ్చేశాయి. అర్థం తెలీకుండా అరబీ సూరాలు కంఠతా పట్టిన పిల్లాడికి తెలుగు పద్యం ఒక లెక్కా!

అబ్బాకి నాటకం అంటే ఇష్టమో కాదో ఇప్పటికీ చెప్పలేను. రాత్రంతా యాంప్లిఫయర్ మీద చెయ్యి తీయకుండా కూర్చునేవాడు. నటుడు రాగం పైకి లాగబోతున్నాడని ముందే పసిగట్టి సౌండ్ కాస్త దించేవాడు. మైకు కుయ్యిమనకూడదు. అది ఆయన ఇజ్జత్‌కి సంబంధించిన సంగతి. "ఫలానా షేక్ గారి మైకు కూయదు" అని పల్లెల్లో పేరు. ఫజర్ వేళకి ఇంటికొచ్చి, నమాజ్ చదివి, పడుకునేవాడు. నాటకం సంగతి ఇంట్లో ఒక్క మాట మాట్లాడడు. నేను మాట్లాడితే మాత్రం, "మైకు వెనక కూర్చునేవాడికి మజ్దూరీ. మైకు ముందు నిలబడేవాడికి బద్నామీ" అనేవాడు.

ఒక్కరికే మినహాయింపు. షేక్ నాజర్ సాబ్‌కి. ఆయనది మా గుంటూరు జిల్లా పొన్నెకల్లే. పల్నాటి కథ, బొబ్బిలి కథ ఆయన చెబుతుంటే జనం కదలకుండా కూర్చునేవారని పెద్దవాళ్లు చెప్పగా విన్నాం. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. కులం పేరు పెట్టి జనం చులకనగా పిలిచే మాటనే ఆయన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. అబ్బా ఆ పుస్తకం చదవలేదు, తెలుగు చదవడం రాదు. కానీ నాజర్ సాబ్ పేరు వస్తే చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మాట్లాడేవాడు.

నేను చదివింది ఉర్దూ మీడియం. తఖ్తీ, గేరుమట్టి, వెదురు కలం. 1989లో, పాంచ్వీ జమాత్‌లో, మా ఉస్తాద్ ఒకాయన ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' కథని డ్రామాగా రాసి యౌమె ఆజాదీకి వేయించాడు. కథ మీకు తెలిసిందే. అమ్మానాన్న లేని హమీద్, వాళ్ల దాదీ అమీనా, జేబులో మూడు పైసలు. తక్కిన పిల్లలు మట్టిబొమ్మలూ మిఠాయిలూ కొనుక్కుంటే వాడు దాదీ వేళ్లు పెనం మీద కాలకుండా చిమ్టా కొనుక్కొస్తాడు. నేను హమీద్ వేషం అడిగాను. అది సదర్ ముదర్రిస్ గారి మేనల్లుడికి పోయింది. అమీనా వేషానికి ఆడపిల్లల్ని పంపడానికి ఏ ఇంటివాళ్లూ ఒప్పుకోలేదు. సన్నగా, పొట్టిగా ఉన్నానని నాకు అమ్మీ దుపట్టా కప్పి అమీనాని చేశారు. అంటే నా మొదటి వేషం ఒక ముసలమ్మ.

అప్పుడే నాకు ఇంకో సంగతి తెలిసింది. మా ఇంట్లో మాట్లాడే ఉర్దూ ఉర్దూ కాదట. నేను 'నక్కో' అన్నాను. ఉస్తాద్ చెవి మెలేశాడు. 'నహీఁ' అనాలి. 'హౌ' కాదు, 'హాఁ' అనాలి. 'కైకో' కాదు, 'క్యూఁ'. తొమ్మిదో జమాత్‌లో ఇంతియాజ్ అలీ తాజ్ 'అనార్కలీ' లోంచి ఒక సీన్ వేశాం. నేను అక్బర్ బాద్షాని. గొంతు లోతుల్లోంచి రావాల్సిన ఖాఫ్ మా దక్కనీ నోళ్లలో ఉత్త 'ఖ' అయిపోతుంది కదా, దానికోసం పదిహేను రోజులు రోజూ ఆఖరి పీరియడ్‌లో నన్ను నిలబెట్టి గరగర లాడించాడు. "బాద్షా సలామత్ శీన్-ఖాఫ్ దురుస్త్ లేకుండా ఎలా హుకుం ఇస్తాడ్రా?" అనేవాడు. నాకు తలఫ్ఫుజ్ వచ్చింది. ఇంటికొచ్చి అదే తలఫ్ఫుజ్‌తో అన్నం పెట్టమని అడిగితే అమ్మీ విరగబడి నవ్వింది. "మా ఇంట్లో లఖ్నవూ నవాబ్ దిగాడు" అని పక్కింటి ఖాలాకి చెప్పుకుంది.

అమ్మీ గురించి చెప్పాలి. ఆమెది కర్నూలు వైపు. పెళ్లయి గుంటూరు వచ్చేదాకా తెలుగు మాట్లాడే అవసరం పడలేదు. వచ్చాక వీధి కుళాయి దగ్గరా, కూరగాయల బండి దగ్గరా నేర్చుకుంది. అమ్మీ తెలుగులో మగవాళ్లు లేరు. "మా ఆయన చెప్పింది", "డాక్టర్ గారు వచ్చిందా?", "పాలబ్బాయి పోయింది". 'నేను' లేదు, 'మేము' ఉంది. 'ళ', 'ణ' లేనే లేవు. ఆ తెలుగుతోనే ఆమె కుళాయి దగ్గర క్యూలో ఎవరికీ లొంగేది కాదు. వంకాయలు అర్ధరూపాయి తగ్గించి కొనేది. ఎదురింటి పిన్నిగారికి కాన్పు వస్తే రాత్రంతా పక్కన కూర్చుని ధైర్యం చెప్పింది. ఆ తెలుగు అర్థం కాలేదని మా గల్లీలో ఎవరూ అనలేదు.

ఇంటర్‌లో తెలుగు సెకండ్ లాంగ్వేజ్ తీసుకున్నాను. 1997లో డిగ్రీలో స్పెషల్ తెలుగు చేరాను. అబ్బాకి అర్థం కాలేదు. "ఉర్దూ పఢ్కో తెలుగు పండిత్ బన్తా క్యా రే?" అన్నాడు. క్లాసులో మొదటి రోజు మా లెక్చరర్ నా పేరు విని పుస్తకం మూసి, "ఏదైనా ఒక పద్యం చెప్పు నాయనా" అన్నాడు. పరీక్ష పెడదామనే అనుకున్నాడేమో. నేను కాటి సీను అందుకున్నాను, రాగంతో సహా. మూడో పద్యం దగ్గర ఆయనే ఆపాడు. ఆ ఏడాది పద్యపఠనం పోటీలో కాలేజీకి నేనే ఫస్టు. ఆయనే కన్యాశుల్కం పాఠం చెబుతూ, గురజాడ ఎవరి మాట వాళ్ల నోట్లో పెట్టాడని, మనిషి మాట్లాడే తీరులోనే వాడి బతుకంతా ఉంటుందని చెప్పేవాడు. నోట్సులో రాసుకున్నాను. పరీక్షలో కూడా రాశాను.

ఆ ఏడే కాలేజీ డ్రామా. నేను హీరో అన్న వేషం అడిగాను. డైరెక్టర్‌గా బయటి నుంచి ఒకాయన వచ్చాడు, పరిషత్తుల్లో పేరున్నవాడు. నన్ను పైకీ కిందికీ చూసి, "నీకు సాయిబు వేషం బ్రహ్మాండంగా ఉంటుందయ్యా. యాస ఎలాగూ ఉంటుంది కదా" అన్నాడు.

"నాకు యాస లేదు సార్."

"తెచ్చుకో."

తెచ్చుకున్నాను. ఎక్కడికో పోలేదు. ఇంట్లోనే ఉంది కదా.

పచ్చ బెల్టు, గళ్ల లుంగీ, మెడలో తావీజ్, కళ్లకి సుర్మా, స్పిరిట్ గమ్‌తో అతికించిన గడ్డం. గడ్డం అతికించేటప్పుడు చెంపలు మండేవి. వింగ్‌లోంచి అడుగుపెట్టి మొదటి మాట అనగానే హాలు గొల్లుమంది. ఆ నవ్వు మొదటిసారి మీద పడినప్పుడు ఎలా ఉంటుందో పడినవాడికే తెలుస్తుంది. ఇంకో మాట అన్నాను, ఇంకో నవ్వు. నేను కష్టపడి నేర్చుకున్న 'ళ'కి ఎప్పుడూ చప్పట్లు రాలేదు. పోగొట్టుకున్న 'ళ'కి వచ్చాయి.

డిగ్రీ అయ్యేసరికి ఒక నాటక సమాజంలో స్థిరపడిపోయాను. పగలు ఒక పత్రికకి కంట్రిబ్యూటర్‌గా వార్తలు, సాయంత్రం రిహార్సల్స్, శని ఆదివారాలు పరిషత్తులు. వ్యాన్‌లో సెట్టు సామాను మీదే నిద్ర. ఎక్కడికెళ్లినా గంట నాటిక, ముందు వరసలో జడ్జీలు, చివర ప్రైజులు. 'ఉత్తమ హాస్యనటుడు' షీల్డులు ఏడు వచ్చాయి. అమ్మీ వాటిని అల్మారా మీద వరసగా పెట్టి, ప్రతి జుమేరాత్ గుడ్డతో తుడిచేది. అవి దేనికిచ్చారో ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ నాటికలు రాసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. నా సాయిబు ఎప్పుడూ మంచివాడే. నమ్మినబంటు. మొదటి సీన్లో నవ్విస్తాడు, ఆఖరి సీన్లో హీరో చెల్లెలికి రక్తం ఇస్తాడు. ఆ ఆరేడేళ్లలో నేను స్టేజీ మీద ఇచ్చిన రక్తం ఒక బ్లడ్ బ్యాంకుకి సరిపోతుంది. మతసామరస్యం కోసమే రాశామనేవాళ్లు, నిజంగానే రాశారు. అయితే వాళ్లలో ఒక్కరు కూడా మంచి తెలుగు మాట్లాడే సాయిబుని రాయలేదు. వాళ్లెదురుగా రోజూ మాట్లాడుతున్నది నేనే అయినా.

మా హైదరాబాద్ మామూ 'అద్రక్ కే పంజే' చూసొచ్చి మాకు డైలాగులు చెప్పేవాడు. బబ్బన్ ఖాన్ సాబ్ నాటకం. 1965లో మొదలై దశాబ్దాల తరబడి ఆడింది. బీద ఇల్లు, ఇంటినిండా పిల్లలు, అంతా దక్కనీ బోలీ. మామూ చెబుతుంటే అమ్మీ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేది. నేను చేసేదీ అదే కదా అనుకునేవాణ్ని ఆ రోజుల్లో. అది వేరని తెలియడానికి 2004 దాకా పట్టింది.

ఆ ఏడు మా సమాజం గుంటూరులోనే, వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నాటిక వేసింది. ఆపా పిల్లలతో ఊరినుంచి వచ్చి ఉంది. "తమ్ముడి డ్రామా మేమెప్పుడూ చూడలేదు" అని పట్టుబట్టి అమ్మీని కూడా తీసుకొచ్చింది. నాకు తెలీదు. వింగ్‌లోంచి చూస్తే నాలుగో వరసలో రెండు బురఖాలు కనిపించాయి. ఎవరో అనుకున్నాను.

ఆ నాటికలో ఒక చోట హీరో తల్లికి గుండెనొప్పి వస్తుంది. నా మస్తాన్ ఖంగారుగా వీధిలోకీ ఇంట్లోకీ పరిగెడుతూ, "డాక్టర్ గారు వచ్చిందా? డాక్టర్ గారు వచ్చిందా?" అని కనబడిన ప్రతివాణ్నీ అడుగుతాడు. స్క్రిప్టులో ఆ మాట లేదు. నేనే పెట్టాను. ప్రతి ఊళ్లో అక్కడ నవ్వు పగిలేది. ఆ మాట నాకు ఎక్కడ దొరికిందంటే, నాకు ఎనిమిదేళ్లప్పుడు మా తమ్ముడికి జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. అబ్బా ఏదో పల్లెలో మైకు కట్టడానికి వెళ్లాడు. అమ్మీ తలమీద ముసుగు కూడా లేకుండా అర్ధరాత్రి గల్లీలోకి పరిగెత్తి, తలుపు తలుపూ కొట్టి అడిగిన మాట అది. అదే రాగం, అదే ఊపిరి తీసుకోవడం. నటుడన్నాక గమనించాలని చెబుతారు కదా. నేను బాగా గమనించాను.

ఆ రాత్రి కూడా నవ్వు పగిలింది. రెండోసారి అన్నాను, ఇంకా పెద్దగా. నాలుగో వరసలో ఒక బురఖా నఖాబ్ పైకెత్తి ఉంది. అమ్మీ ముఖం. నవ్వడం లేదు. కోపంగా కూడా లేదు. దారి తప్పినప్పుడు చుట్టూ చూస్తామే, అలా పక్కవాళ్లని చూస్తోంది, వాళ్లు దేనికి నవ్వుతున్నారో తెలుసుకుందామని.

నాటిక ఆపలేదు నేను. చివర రక్తం కూడా ఇచ్చాను. ప్రైజు కూడా వచ్చింది.

రిక్షాలో అమ్మీ, "అచ్ఛా కియే" అంది. ఇంటికెళ్లాక అన్నం వేడి చేసి పెట్టింది. ఆపా ఏదో అనబోతే కళ్లతో ఆపింది. అయిపోయిందనుకున్నాను. నెలో, నెలన్నరో గడిచింది. ఒక పొద్దున వాకిట్లో పేపర్ చదువుతున్నాను. కూరగాయల బండి వచ్చింది. అమ్మీ బయటికొచ్చి, వంకాయల వైపు వేలు చూపించింది. రెండు వేళ్లు ఎత్తింది, అర్ధకిలోకి సైగ చేసింది. డబ్బులిచ్చి లోపలికెళ్లింది. ఒక్క మాట లేదు. బేరం లేదు. బండివాడు నా వైపు చూసి, "అమ్మగారికి గొంతు బాలేదా సార్, చాన్నాళ్లయింది మాట్లాడి" అన్నాడు.

లోపలికెళ్లి అడిగాను. "కైకో అమ్మీ, బాత్ నై కర్తే ఉన్‌సే?"

కత్తిపీట ముందు కూర్చుని వంకాయ కోస్తూ, తలెత్తకుండా అంది: "లోగాఁ హఁస్తైఁ బాబా."

జనం నవ్వుతారు బాబా. అంతే. పదిహేడేళ్లు ఆ బండి దగ్గర అమ్మీని చూసి ఎవరూ నవ్వలేదు. అలా నవ్వొచ్చని ఆమెకి తెలీదు. చెప్పినవాణ్ని నేను.

మాఫీ అడగాలనుకున్నాను. ఎలా అడగాలి? ఆమె నన్ను ఏమీ అనలేదు. తప్పు పట్టని మనిషి దగ్గర మాఫీ అడగడం కష్టం, అడిగి చూసినవాళ్లకి తెలుస్తుంది. షీల్డులు మాత్రం అల్మారా మీంచి తీసి అట్టపెట్టెలో వేసి అటక మీద పెట్టాను. అమ్మీ ఎక్కడికిపోయాయని అడగలేదు.

సమాజం వాళ్లకి ఇకమీద సాయిబు వేషం వెయ్యనని చెప్పాను. వేరే ఏదైనా ఇవ్వమన్నాను, గుమాస్తా, పోస్ట్‌మాన్, తండ్రి, ఏదైనా. "నీ తెలుగు నీకంటే మాకే బాగా తెలుసు. కానీ జనం నిన్ను చూడగానే నవ్వడానికి రెడీ అయిపోతారు, సీరియస్ సీన్ చెడుద్ది" అన్నారు. అది అబద్ధం కాదు. నేనే చేసిపెట్టిన అలవాటు. నా వేషం ఇంకొకతనికి ఇచ్చారు. అతను మన మనిషి కాదు. నాకంటే ఘోరంగా మాట్లాడాడు, నాకంటే ఎక్కువ నవ్వులొచ్చాయి. నేను లైట్ల దగ్గర కూర్చున్నాను. తర్వాత పేపర్లో సబ్ ఎడిటర్ ఉద్యోగం వచ్చింది, రాత్రి డ్యూటీ. డెస్కు మీద వాక్యాలు దిద్దుతుంటే పక్కవాడు అరసున్న గురించి నన్ను అడిగేవాడు. అదొక తమాషా.

2009 శ్రీరామనవమికి సెలవు పెట్టి, చాలా ఏళ్ల తర్వాత అబ్బాతో వెళ్లాను. తెనాలి వైపు ఒక పల్లె. అబ్బాకి అప్పటికి మోకాళ్ల నొప్పులు, వైర్లు లాగడానికి మనిషి కావాలి. హరిశ్చంద్ర. రాత్రి పది దాటాక గ్రీన్‌రూమ్‌లో గొడవ. నక్షత్రకుడు వేసే ఆయనకి బీపీ పెరిగి కళ్లు తిరిగాయి. ఆర్‌ఎంపీ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టాడు. మేనేజరు తలపట్టుకున్నాడు. విశ్వామిత్రుడి బాకీ వసూలు కోసం హరిశ్చంద్రుణ్ని కాశీ దాకా కాల్చుకుతినే శిష్యుడు లేకపోతే నాటకం ఎలా నడుస్తుంది? హార్మోనియం ఆయనకి నేను చిన్నప్పటి నుంచీ తెలుసు. "ఆ మైకు షేక్ గారి అబ్బాయికి మొత్తం నోటికి వచ్చు" అన్నాడు.

పంచె కట్టారు, జుట్టు వెనక్కి దువ్వి పిలక పెట్టారు, విభూతి రాశారు. లోపల ఏదో తడబాటుగానే ఉంది, కాదనను. వేషం వేషమే, దీన్ దీనే అని నాకు నేను చెప్పుకున్నాను. అనౌన్స్‌మెంట్ చేసే కుర్రాడు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "అన్నా, ఏం పేరు చెప్పమంటావు?" అని నెమ్మదిగా అడిగాడు. వాడికి నన్ను ఇబ్బంది పెట్టాలని లేదు. "నా పేరే చెప్పు" అన్నాను. చెప్పాడు. జనంలో కొంచెం గుసగుస. నేను వెళ్లి హరిశ్చంద్రుడి ముందు నిలబడి మొదటి పద్యం అందుకున్నాను.

నవ్వారు. నక్షత్రకుడి మాటలకి నవ్వాల్సిన చోట నవ్వారు. కోపం రావాల్సిన చోట ముందు వరసలో ఒక ముసలాయన నన్ను తిట్టాడు కూడా. ఒక పద్యానికి 'వన్స్ మోర్' అన్నారు. రెండోసారి పాడుతుంటే, రాగం మీద ఉండగా, మైకు కుయ్యిమంది. మళ్లీ ఇంకోసారి. నేను పక్కకి చూశాను. అబ్బా యాంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టే ఉన్నాడు, కానీ చూపు దాని మీద లేదు.

తిరిగొచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో హారన్ల మధ్య కూర్చుని, "మైక్ పురానా హోగయా" అన్నాడు. నేను హౌ అన్నాను. మేమిద్దరం నాటకం గురించి మాట్లాడుకున్నది మొత్తం అదే. 2014లో ఆయన ఇంతెఖాల్ అయ్యాక, డీజేల కాలంలో ఆ హారన్లు ఎవరూ అడగలేదు. ఒక యాంప్లిఫయర్ మాత్రం ఉంచుకున్నాను.

ఈ మధ్య ఆరేడేళ్లుగా సెలవు రోజుల్లో ఒక ఉర్దూ స్కూల్లో పిల్లలతో చిన్న చిన్న డ్రామాలు వేయిస్తున్నాను. వాళ్లని వాళ్లింటి మాటే మాట్లాడమంటాను. నక్కో అంటే నక్కో. మొదటి ఏడు అక్కడి ఉస్తాద్ ఒకాయన నారాజ్ అయ్యాడు, "యే క్యా జబాన్ హై సాబ్, పిల్లలు చెడిపోతారు" అని. హబీబ్ తన్వీర్ 1954లో 'ఆగ్రా బాజార్' వేసినప్పుడు జామియా విద్యార్థులతో పాటు ఓఖ్లా గల్లీ జనాన్నే స్టేజీ ఎక్కించాడని చెప్పాను. ఆయనకి పూర్తిగా నచ్చలేదు. నేనూ పూర్తిగా ఒప్పించలేదు. శీన్-ఖాఫ్ నాకు ఆ బెత్తంతోనే వచ్చింది, అది వద్దని ఎలా అంటాను? రెండూ రావాలంటాను. ఆడపిల్లల్ని పంపడానికి మాత్రం ఇళ్లవాళ్లు ఇంకా వెనకాడుతున్నారు. పర్దా అనే మాట మనకి రెండు పనులకీ ఒకటే కావడం వల్ల వచ్చిన తంటా ఇది అని ఒక తల్లితో అన్నాను. ఆమె నవ్వి, కూతుర్ని పంపలేదు.

మా ఇంట్లోనూ అదే బహస్ వచ్చింది పోయిన నెల. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ల స్కూల్లో తెలుగు టీచరమ్మ 'ఈద్‌గాహ్'ని తెలుగు నాటికగా వేయిస్తోంది. మాదానికి అమీనా వేషం ఇచ్చారు. మా ఆవిడ మొదట వద్దంది, తర్వాత "పిల్ల సరదా పడుతోంది కదా" అంది. పిల్ల మాత్రం స్క్రిప్టు పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, చిమ్టా చూడగానే గొంతు వణికించి ఏడవడం ప్రాక్టీస్ చేస్తోంది. నేనూ రెండుసార్లు చేసి చూపించాను. నా ముప్పై నాలుగు వేషాల అనుభవంతో.

అమ్మీ మంచం మీద తస్బీ తిప్పుతూ చూస్తోంది. డెబ్బై దాటాయి. వినీ వినీ తస్బీ దిండు కింద పెట్టి లేచింది. వంటింట్లోకి వెళ్లి మా చిమ్టా తెచ్చింది. మనవరాలి ముందు నిలబడి, ఏడవడం తర్వాత, ముందు తిట్టాలని చెప్పింది. పిల్లాడు పొద్దుననగా వెళ్లాడు, ఏమీ తినకుండా తిరిగొచ్చాడు, ఏ తల్లయినా ముందు తిడుతుంది. అలా ఉర్దూలో చెబుతూ చెబుతూ, నాటిక తెలుగులో కదా అని గుర్తొచ్చిందేమో, చిమ్టా నేలకేసి కొట్టి, తెలుగులో అందుకుంది.

"పొద్దున నుంచి ఏం తినలేదు, నీల్లు తాగలేదు, అందరు పిల్లలు మిఠాయి తినింది, మా పిల్లవాడు ఈ చిమ్టా తెచ్చిందా! ఎందుకు తెచ్చింది? ఎందుకు తెచ్చింది చెప్పు!"

ఇంట్లో ఎవరూ కదల్లేదు. ఇరవై ఏళ్లలో అమ్మీ నా ఎదుట అంత పొడుగు తెలుగు మాట్లాడడం నేను వినలేదు. మా అమ్మాయి నవ్వలేదు. దాదీ నోటివైపే చూస్తూ, పెదాలు కదుపుతూ, ఆ 'ఎందుకు తెచ్చింది' ఎక్కడ విరిగిందో పట్టుకోవడానికి చూస్తోంది. తర్వాత నా వైపు తిరిగి, "అబ్బూ, స్టేజీ మీద కూడా ఇట్లాగే చెప్పనా?" అని అడిగింది.

నాకు జవాబు రాలేదు. నాలుగో వరస కనిపించింది.

అమ్మీ నన్ను ఒక క్షణం చూసింది. చిమ్టా మనవరాలి చేతిలో పెట్టి, "పహలే సీదా పకడ్" అంది.